నడిచేవారి వంతు

మీ ఇంటి గుమ్మం నుంచి మీ విచారణ దేవాలయం గుమ్మం దాకా ఎంత దూరమని అడిగితే మీరు వెంటనే చెబుతారు. అర కిలోమీటరనో, కిలోమీటరనో, ఆటోకు పది రూపాయలనో. కాని ఆ దూరంలో కాలు పెట్టడానికి వీలైన చోటు ఎంత, వీలుకాని చోటు ఎంత అని అడిగితే చాలామందిమి ఆగిపోతాం. ఎక్కడ కాలువ పలకల మీదికి ఎక్కాలి? ఎక్కడ మళ్ళీ రోడ్డు మీదికి దిగి, వెనుక నుంచి వచ్చే లారీని నమ్ముకొని నడవాలి? ఏ పలక కదులుతుంది, ఏ పలక అసలే లేదు? ఇవన్నీ మన కాళ్ళకు తెలుసు, మనసుకు తెలియవు. రోజూ నడిచే కాలు తప్పుకుపోవడం నేర్చుకుంటుంది. నేర్చుకున్న తర్వాత అక్కడొక అడ్డంకి ఉన్నదన్న సంగతే మరచిపోతుంది.

ఇది మున్సిపాలిటీ వారి విషయం గదా, మన పత్రికలో దీని ప్రస్తావన ఎందుకని మీరు అడగవచ్చు. ఇందులో ఒక నైతిక ప్రశ్న దాగి ఉన్నది, అందుకని. ఎవరూ చెడు తలపెట్టలేదు. అయినా కీడు జరుగుతున్నది. అటువంటప్పుడు జవాబు చెప్పవలసినది ఎవరు?

శ్రీకాకుళంలో ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక పావుగంట నిలబడి చూడండి. బస్సులకు దారి ఉన్నది. ఆటోలకు దారి ఉన్నది. మోటారు సైకిళ్ళు ఎక్కడ సందు దొరికితే అక్కడే దారి చేసుకుంటాయి. చేతిలో సంచితో నడిచి వచ్చే మనిషి మాత్రం ప్రతి పది అడుగులకు ఒకసారి ఆగి, వెనక్కి చూసి, ఎవరినో బతిమాలుతున్నట్టు చెయ్యి పైకెత్తి ముందుకు సాగుతాడు. విజయనగరంలో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు సాయంత్రం వేళ నడిచినా ఇదే అనుభవం. ఒక దుకాణం మెట్లు, వాటి ముందు నాలుగు బళ్ళు, ఆ పక్కన ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ, దాని పక్కన చెరకు రసం బండి, ఆ తరువాత కొత్తగా కట్టే ఇంటివారి ఇసుక కుప్ప, పైన ఎవరి పుట్టినరోజుదో ఫ్లెక్సీ, ఆ ఫ్లెక్సీ కర్ర సరిగ్గా కాలిబాట మధ్యన. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద నేరం కాదు. ఎవరి మెట్లు వారికి అవసరం. ఎవరి బండి వారికి బ్రతుకుతెరువు. అన్నీ కలిసేసరికి ఒక ముసలి తల్లి నడిరోడ్డు మీదికి దిగుతుంది.

పూర్వం మన ఇళ్ళకు వీధి అరుగులుండేవి. అరుగు ఇంటివారిదే, కాని కూర్చునేది బాటసారి. ఎండన పడి వచ్చినవాడు అనుమతి అడగకుండా చతికిలబడి మంచినీళ్ళు అడిగేవాడు. ఇంటివారు తమ స్థలంలో కొంత వీధికి ఇచ్చేవారన్నమాట. ఇప్పుడు అరుగులు పోయి ర్యాంపులు వచ్చాయి. కారో, మోటారు సైకిలో లోపలికి ఎక్కడానికి గేటు ముందు నుంచి రోడ్డు దాకా సిమెంటు వాలు పోస్తున్నాం. కాలువ పలకల మీద నడిచే మనిషికి ఈ వాలు పక్కవాటుగా తగులుతుంది. వర్షంలో కాలు జారేది అక్కడే. అరుగుతో వీధికి ఇచ్చిన మనం ర్యాంపుతో వీధి నుంచి తీసుకుంటున్నాం. తీసుకున్నది మూడడుగులే కదా అంటారు. నిజమే, కాని వీధిలో నలభై ఇళ్ళున్నాయి.

దొంగతనమంటే ఒకరి సొత్తు తీయడమని మనకు చిన్ననాటి నుంచి ఉపదేశంలో నేర్పారు. మరి కాలిబాట ఎవరి సొత్తు? ఎవరి పేరా పట్టా లేదు గనుక ఎవరిదీ కాదనుకొంటాం. అసలు సంగతి అందుకు తలకిందులు. దానిపై హక్కు లేనివారు ఎవరూ లేరు. ఆ హక్కులో పెద్ద వంతు, బండి లేనివారిది. కారున్నవానికి రోడ్డున్నది. కర్ర సాయంతో నడిచేవారికి, చంకన బిడ్డతో వెళ్ళే తల్లికి, చూపు లేనివారికి, బడి సంచి మోసే పిల్లలకు ఆ మూడడుగులు తప్ప మరేమీ లేదు.

మన జిల్లాలకు ఈ మాట మరింతగా వర్తిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పనికోసం హైదరాబాదుకు, చెన్నైకి, ఇంకా దూరాలకు వలసపోయినవారు ప్రతి విచారణలోను ఉన్నారు. కొడుకూ కోడలూ అక్కడ, ముసలివారు ఇక్కడ. బండి మీద ఎక్కించుకొని తీసుకువెళ్ళే పడుచువాడు ఇంట్లో లేడు. పింఛనుకో, మందులకో, పూజకో వారు నడిచే వెళ్ళాలి. జాతీయ రహదారి పొడవునా ఉన్న ఊళ్ళ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒకప్పుడు 5వ నంబరని పిలిచిన ఆ దారి ఇప్పుడు 16వ నంబరు. అది వెడల్పయిన కొద్దీ ప్రయాణం సుఖమైంది. దాని అవతల పొలమో, బడో ఉన్నవారికి అవతలి గట్టు మాత్రం దూరమైంది. రణస్థలం, పైడిభీమవరం వైపు షిఫ్టు వదిలే వేళ రోడ్డు దాటేవారిని చూసినవారికి ఈ మాట అర్థమవుతుంది.

చట్టం ఏమంటుందో కొంచెం చూద్దాం. వికలాంగుల హక్కుల కోసం 1995లో పార్లమెంటు చేసిన చట్టంలో 45వ సెక్షను ప్రత్యేకంగా రోడ్ల గురించే. చక్రాల కుర్చీ ఎక్కడానికి వీలుగా కాలిబాట అంచును వాలుగా చేయాలని, చూపు లేనివారికి తెలిసేలా కూడలిలో శబ్ద సంకేతాలు పెట్టాలని అందులో ఉన్నది. అయితే ఆ సెక్షను ఆరంభంలోనే, ప్రభుత్వాల ఆర్థిక స్తోమతకు లోబడి అన్న అర్థం వచ్చే మాట ఒకటి చేర్చారు. పుణ్యకార్యాలకు మనమూ చేర్చుకునే మాట అదే. 2016లో వచ్చిన కొత్త చట్టం పాతదాని స్థానం తీసుకున్నది. భారత రోడ్డు కాంగ్రెసు 2012లో సవరించిన నియమావళి ప్రకారం కాలిబాటలో అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే సుమారు ఆరడుగులు. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వస్తే తప్పుకొనేంత. తలకు తగలకుండా పైన 2.2 మీటర్ల ఖాళీ ఉండాలి. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించరాదు. మీ వీధిలో ఈ మూడు కొలతలూ ఒకేచోట కలిసిన జాగా దొరికితే అది విశేషమే.

2025లో సుప్రీంకోర్టు ఈ సంగతిని రెండుసార్లు గట్టిగా పట్టించుకున్నది. మే నెలలో, నడవడానికి తగిన కాలిబాట ఉండటం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. అక్టోబరులో, దేశంలో యాభై నగరాల కాలిబాటలను పరిశీలించి లోపాలు నమోదు చేయాలని, ఇటీవలి సంవత్సరాల్లో పాదచారులు గాయపడిన, మరణించిన చోట్లకు ముందు ప్రాధాన్యమివ్వాలని ఆదేశించింది. 2023లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1,72,890 మంది. అందులో నడిచి వెళుతూ మరణించినవారు 35,221 మంది. రోజుకు దాదాపు తొంభై ఆరుగురు. బండి నడపనివారు, వేగం పెంచనివారు, లైసెన్సు అవసరం లేనివారు.

యాభై నగరాలన్నారు. మన రెండు పట్టణాలూ అంత పెద్దవి కావు. మన వంతు వచ్చేవరకు ఏం చేయాలి?

ఇక్కడ నాకు తోమా అక్వినాసు గారి మాట గుర్తుకు వస్తుంది. అజ్ఞానం మనిషి తప్పును ఎంతవరకు తగ్గిస్తుందని ఆయన తన వేదాంత గ్రంథంలో సుదీర్ఘంగా చర్చించారు. ఆ తరువాతి గురువులు దాన్ని రెండు రకాలుగా విడదీసి నేర్పారు. ఎంత ప్రయత్నించినా తొలగించుకోలేని అజ్ఞానం ఒకటి. కొంచెం శ్రమపడితే తొలగిపోయేది మరొకటి. మొదటిదానికి మనిషిని నిందించరాదు. రెండవదానికి నింద తప్పదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా, సత్యమేదో మేలేదో తెలుసుకోవడానికి శ్రమపడని మనిషి తన అజ్ఞానానికి తానే బాధ్యుడని చెబుతుంది. మన వీధి కాలిబాట గురించి మనకున్న అజ్ఞానం ఏ రకం? దాన్ని తొలగించడానికి కావలసినది ఒక టేపు, ఒక తెల్లకాగితం, ఒక గంట. ఇంత చౌకగా తొలగే అజ్ఞానాన్ని ఏళ్ళ తరబడి దాచుకుంటే, మాకు తెలియదన్న మాట దేవుని ముందు ఎంతవరకు చెల్లుతుంది?

కాలిబాటల పటం గీయడం అనేది ఈ పనే. ఇది గొప్ప శాస్త్రమేమీ కాదు. అమెరికాలోని సియాటిల్ నగరంలో 2017లో విద్యార్థులు నగరంలోని కాలిబాటలన్నిటినీ నడిచి, పగుళ్ళను, చెట్ల వేళ్ళకు లేచిన పలకలను, అడ్డంగా ఉన్న స్తంభాలను ఒక్కొక్కటిగా నమోదు చేశారు. అంత సంపన్న నగరానికీ అప్పటిదాకా ఆ లెక్క పూర్తిగా లేదు. ఫోనుల్లో కనిపించే పటాలు ఎక్కువగా వాహనాల కోసం చేసినవి. అవి రోడ్డును గీస్తాయి గాని రోడ్డు అంచున లేని పలకను గీయవు. 2004లో మొదలైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ వంటి ఉచిత పటంలో ఎవరైనా కాలిబాటను, మెట్టును, వాలును చేర్చవచ్చు. ఫోను వాడకం తెలిసిన మన కాలేజీ పిల్లలకు అది కష్టం కాదు. ఫోను లేకున్నా కాగితం చాలు.

ఫిర్యాదు ఉండగా పటం ఎందుకు? రోడ్డు బాగాలేదని చెబితే ఆఫీసులో గుమస్తా కూడా అవును బాగాలేదంటాడు, అంతటితో అయిపోతుంది. ఫలానా ఇంటి ముందు నుంచి ఫలానా స్తంభం దాకా నలభై అడుగులు, అందులో పద్దెనిమిది అడుగుల్లో నడిచే చోటు లేదు, రెండు పలకలు లేవు, కాలువ లోతు మోకాలి దాకా అని చెబితే అవునని ఊరుకోవడానికి వీలుండదు. అంకె సిగ్గు పుట్టిస్తుంది. వర్షాకాలంలో నీరు నిండినప్పుడు ఆ లేని పలకలు కంటికి కనిపించవు. కాగితం మీద మాత్రం కనిపిస్తూనే ఉంటాయి.

అయితే పటం గీసేవారు సాధారణంగా ఒక పొరపాటు చేస్తారు. ప్రమాదం జరిగిన చోట్లకు మాత్రమే ఎర్ర చుక్క పెడతారు. ఎర్ర చుక్క లేని చోటు క్షేమమైనదని అనుకొంటారు. ఒక కూడలిలో పదేళ్ళుగా ఏ వృద్ధుడూ పడలేదంటే అది మంచి కూడలి కావచ్చు. లేదా, వృద్ధులెవరూ అటు వెళ్ళడం మానుకొని ఉండవచ్చు! రెండింటికీ లెక్క ఒకటే, సున్న. ఈ తేడా తెలియాలంటే వీధిలో కొలిస్తే సరిపోదు, ఇళ్ళలో అడగాలి. అమ్మా, మీరు ఈమధ్య పూజకు రావడం లేదేమని అడిగితే, మోకాళ్ళ నొప్పులు బాబూ అంటుంది. మోకాళ్ళ నొప్పి నిజమే. కాని మోకాలి నొప్పితో గుడిమెట్టు ఎక్కగలిగిన మనిషి, అడుగున్నర ఎత్తు పలక ఎక్కి దిగి మళ్ళీ ఎక్కి రాలేదు. ఆవిడ దాన్ని రోడ్డు తప్పుగా ఎన్నడూ చెప్పదు, తన వయసు తప్పుగానే చెబుతుంది. ఇంట్లో జపమాల చెప్పుకొంటున్నానులే అంటుంది. మనమూ భక్తురాలని మెచ్చుకొని ఊరుకొంటాం. అలా ఎందరు ఇళ్ళలో మిగిలిపోయారో ఏ పోలీసు రికార్డులోను ఉండదు. కాలిబాట పటంలో అన్నిటికంటే ముఖ్యమైన గీత ఇది. వీధిలో నడుస్తున్నవారిని చూసి గీసే పటం సగం పటమే.

ఇక కష్టమైన ప్రశ్నకు వద్దాం. కాలిబాట మీద గంప పెట్టుకొని ఆకుకూరలు అమ్ముకునే ఆవిడ సంగతేమిటి? ఆమె కూడా పేదరాలే. పటం గీసి ఇస్తే ముందుగా లేచేది ఆమె గంపేనని మనకందరికీ తెలుసు. తొలగింపు బండి వచ్చినప్పుడు పెద్ద దుకాణం మెట్లు కదలవు, తోపుడు బండి కదులుతుంది. ఒక పేదవాని నడక కోసం మరొక పేదవాని కూడు తీయడం న్యాయమా? 1985లో బొంబాయి పేవుమెంట్లపై నివసించేవారి కేసులో సుప్రీంకోర్టు, బ్రతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమని చెప్పింది. అదే తీర్పు, కాలిబాటను ఆక్రమించే హక్కు ఎవరికీ లేదని, అయితే ముందుగా చెప్పకుండా, వినకుండా తొలగించకూడదని కూడా అన్నది. 2014లో వచ్చిన వీధి వర్తకుల చట్టం ప్రకారం వర్తకుల లెక్క తీయాలి, వారికి చోటు చూపాలి, వారి ప్రతినిధులున్న కమిటీ ద్వారా నిర్ణయించాలి.

నా ఉద్దేశం చెబుతాను, మీరు అంగీకరించకపోవచ్చు. గంపను, దుకాణం మెట్లను ఒకే గీతతో కొట్టివేసే పటం అబద్ధపు పటం. గంప రెండడుగులు తీసుకుంటుంది, మధ్యాహ్నానికి లేచిపోతుంది, పైగా నడిచే మనిషికి నిమ్మకాయలు అందిస్తుంది. సిమెంటు మెట్లు ఆరడుగులు తీసుకుంటాయి, ఎన్నటికీ లేవవు. వరుసగా నిలిపిన మోటారు సైకిళ్ళు అంతకంటే ఎక్కువ తీసుకుంటాయి, అవి ఏ పేదవాని కూడూ కావు. కనుక ఎవరు ఎంత తీసుకున్నారో, ఎంతసేపు తీసుకున్నారో, మరో చోటు ఉండీ తీసుకున్నారో లేకనో, అన్నీ రాయాలి. పటంలో గంపమ్మ వంతు కూడా గీసి ఉండాలి, ఆమెను అడిగి. నడిచేవారికి ఆరడుగులు విడిచిన తర్వాత ఆమెకు ఎక్కడ నీడ ఉన్నదో చూపించాలి. ఇది చేయడం కష్టం. లారీ తెచ్చి గంపలు ఎత్తుకుపోవడం సులభం. సులభం గనుకనే తరచుగా అది జరుగుతున్నది.

చోటు లేదనే మాట ఒకటి వినిపిస్తుంది. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు ఊరి మధ్యన బళ్ళు ఆగిపోతాయి. లక్షల జనం కాలినడకన అదే రోడ్ల మీద నిలబడతారు, నడుస్తారు, చంటిబిడ్డలను భుజాన ఎత్తుకొని చూపిస్తారు. ఆ ఒక్క రోజు కోసం రోడ్డు వెడల్పు పెరగదు. ఉన్న వెడల్పు ఎవరికివ్వాలన్న నిర్ణయం మారుతుంది, అంతే. అరసవల్లి రథసప్తమికీ శ్రీకాకుళంలో జరిగేది ఇదే.

మన గ్రంథం దారిని గురించి చాలా మాట్లాడుతుంది. లేవీయకాండము 19వ అధ్యాయంలో, చూపు లేనివాని త్రోవలో అడ్డం పెట్టరాదన్న ఆజ్ఞ ఉన్నది. పొలం అంచున పరిగె పేదలకు విడిచిపెట్టాలన్న ఆజ్ఞ కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నది. నాకైతే ఆ రెండూ పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికమనిపించదు. అంచు పేదవానిది, అది పొలం అంచైనా రోడ్డు అంచైనా. 2007లో వాటికన్ నుంచి రహదారుల కాపరి సేవను గూర్చి ఒక మార్గదర్శక పత్రం వెలువడింది. అందులోని వాహన చోదకుల పది ఆజ్ఞలను చూసి అప్పట్లో లోకంలోని పత్రికలు కొంత నవ్వుకున్నాయి. రోడ్డు మీద బలహీనుడిని కాపాడాలన్నది ఆ పదింటిలో ఒకటి. నవ్వవలసిన మాటేమీ కాదు.

బయటివారిని కొలిచే ముందు మన గేటు ముందు కొలవాలి. ఆదివారం రెండవ పూజ వేళ దేవాలయం బయట బళ్ళు ఎక్కడ నిలుపుతున్నాం? కాలిబాట మీదనే. లోపల మనం చేతులు జోడించి ఉన్న గంటన్నర సేపు బయట ఎవరో మన బళ్ళ చుట్టూ తిరిగి రోడ్డు మీదికి దిగుతుంటారు. విచారణ పండుగకు పందిరి గుంజలు ఎక్కడ పాతుతున్నాం? ఆ గుంటలు పండుగ తరువాత ఎవరు పూడుస్తున్నారు? మన బడి వదిలే వేళ గేటు ముందు ఆటోలు ఎలా నిలుస్తాయి? తపస్సుకాలంలో స్లీవమార్గం వీధుల వెంట చేస్తాం, పద్నాలుగు స్థలాల దగ్గర ఆగుతాం. అదే వీధిలో ముసలివారు రోజూ ఎన్ని చోట్ల ఆగుతారో లెక్కించడం కూడా భక్తికి వెలియైన పని కాదు.

చేయదలచినవారికి ఒకటి రెండు మాటలు. ఒక్కరు వెళ్ళవద్దు, ముగ్గురు వెళ్ళండి. ఇద్దరు పిల్లలు టేపు పట్టుకోవడానికి, ఒకరు రాయడానికి. ఊరంతా మొదలుపెట్టకండి, అది మధ్యలో ఆగిపోతుంది. ఒకే దారి తీసుకోండి, దేవాలయం నుంచి ఆసుపత్రికో, బస్సు ఆగే చోటికో. వెడల్పు, ఎత్తు, లేని పలకలు, వెలగని దీపాలు, కరెంటు స్తంభాలు, గేటు ర్యాంపులు, గంపలు, నీరు నిలిచే గుంటలు, దాటే చోట గీతలు ఉన్నవో చెరిగినవో రాయండి. ఎవరి పేరూ రాయవద్దు, ఇంటి ముందు కొలతే చాలు. పేరు రాస్తే అది పగగా మారుతుంది, కొలత రాస్తే పనిగా మారుతుంది. ఆ వీధిలో ఇతర మతాల వారిని కూడా పిలవండి, పలక అందరిదీ. కాగితం రెండు ప్రతులు తీసి ఒకటి పురపాలక కార్యాలయంలో ఇచ్చి, రెండవదానిపై ముద్ర వేయించుకొని విచారణలో భద్రపరచండి. ఆరు నెలల తరువాత మళ్ళీ అదే దారి కొలవండి.

వెళ్ళేటప్పుడు మీ అడుగుతో వెళ్ళకండి. విచారణలో కర్ర సాయంతో నడిచే పెద్దావిడ ఎవరో ఒకరు ఉంటారు. ఆమెను అడిగి, ఆమె ఏ వేళకు బయలుదేరేదో ఆ వేళకే, ఆమె పక్కనే, ఆమె ఆగిన చోటల్లా ఆగి రాసుకోండి. మొదటి పూజకు వచ్చే అలవాటైతే వీధి దీపాలు ఆరిపోయి ఇంకా తెల్లవారని వేళ అది. టార్చిలైటు ఒకటి పట్టుకెళ్ళండి.